మార్కులు వేసే చేతికి మన సాయం

పరీక్షలు అయిపోయాయంటే పిల్లలకు సెలవులు, మనకు చిరుతిళ్ళు చేసిపెట్టే హడావిడి. మరి పేపర్లు దిద్దేవాళ్ళ సంగతి ఎప్పుడైనా ఆలోచించారా? అందులోనూ ఇంకా బి.ఇడి. చదువుతూ టీచింగ్ ప్రాక్టీసుకని బడికి వెళ్ళే ఆడపిల్లల సంగతి? అలాంటి అమ్మాయి కూతురుగానో కోడలుగానో మీ ఇంట్లోనే ఉండొచ్చు. మీ పిల్లవాడి పేపరు అలాంటి అమ్మాయి చేతిలో పడి ఉండనూవచ్చు.

ఒకప్పుడు బి.ఇడి. ఏడాది చదువు. 2014 నాటి నిబంధనలతో 2015 నుంచి రెండేళ్ళయింది. అందులో బడిలో గడపాల్సిందే మొత్తం 20 వారాలు. పాఠం చెప్పి వచ్చేస్తే సరిపోదు. లెసన్ ప్లాన్లు రాసుకోవాలి, ప్రశ్నలు తయారుచేయాలి, జవాబులు దిద్దాలి, తల్లిదండ్రులతో మాట్లాడడం నేర్చుకోవాలి.

దిద్దేటప్పుడు

మా అక్క కూతురు మా ఇంట్లో ఉండి, దగ్గరి పల్లెలోని హైస్కూలుకు ప్రాక్టీసుకు వెళ్ళింది. ఆ అమ్మాయి పని చూసి నేను తెలుసుకున్నవి ఇవి.

ఒక పేపరు మొత్తం దిద్ది ఇంకోటి తీయకూడదు. అందరివీ మొదటి ప్రశ్న దిద్ది, తర్వాత అందరివీ రెండోది దిద్దాలి. అప్పుడు ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పడదు. నిద్ర ముంచుకొస్తుంటే కట్ట కట్టేసి పొద్దున్నే దిద్దుకోవడం మేలు. కూడిక రెండుసార్లు చూడాలి. ఇక్కడ మనం సాయపడవచ్చు. ఆమె అంకెలు చదువుతుంటే మనం కాగితం మీద కూడితే చాలు. కానీ పేర్లు చూడకండి. ఎదురింటి పిల్లకు ఎన్నొచ్చాయన్నది కుళాయి దగ్గర కబురు కాకూడదు.

ఆ ఎనిమిదో తరగతి పాప

మన అనంతపురంలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. దాన్ని నమ్ముకుని వేసిన వేరుశనగ ఎండితే పల్లెల నుంచి చాలామంది బెంగళూరులో కట్టడాల పనులకు పోతారు. పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగులుతారు, లేదంటే వాళ్ళతోపాటు వెళ్ళి పాఠాలు పోగొట్టుకుంటారు.

ఎనిమిదో తరగతి పాప ఒకతెకు లెక్కల్లో 80కి 19 వచ్చాయి. "ఫెయిలయితే ఇంగ సదువెందుకమ్మా, వాళ్ళమ్మ కాడికి పంపిచ్చేస్తా" అందట వాళ్ళ అవ్వ. జాలిపడి పది మార్కులు కలిపితే పోయేదే అనిపిస్తుంది మనకు. మా అమ్మాయి కలపలేదు. పేపరు మళ్ళీ ముందేసుకుని కూర్చుంది. రేఖాగణితం లెక్కలన్నీ కరెక్టు. వర్గమూలాలు, బీజగణితం పూర్తిగా ఖాళీ. హాజరుపట్టీ తీస్తే, ఆ పాఠాలు చెప్పిన రెండు నెలలూ పాప తల్లితో బెంగళూరులో ఉంది! వినని పాఠం ఎలా రాస్తుంది?

ఆ సంగతే క్లాస్ టీచరుకు చెప్పి, ఆమెతో కలిసి అవ్వ దగ్గరికి వెళ్ళింది. కార్డు చేతిలో పెట్టి "చదువుకో అవ్వా" అంటే ఏం లాభం? పేపరు చూపించి, పాప సరిగ్గా చేసిన లెక్కలు ఏవో ముందు చెప్పింది, రానివి తర్వాత చెప్పింది. రాత్రి 8 దాటాక, పని దిగిన వేళ చూసి తల్లికి ఫోన్ చేసింది. మార్కులు 19 గానే ఉన్నాయి. సాయంత్రాలు ఆ రెండు పాఠాలు నేర్పే ఏర్పాటు మాత్రం జరిగింది. ఇప్పటికైతే పాప బడికి పోతోంది. మళ్ళీ వానలు ముఖం చాటేస్తే ఏమవుతుందో చెప్పలేం.

మీ ఇంటికి కార్డు వస్తే

మన రాష్ట్రంలో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటిలో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. 2025 జూలై 10న మళ్ళీ పెట్టినప్పుడు ముఖ్యమంత్రి మన పాత జిల్లాలోని కొత్తచెరువు బడికే వచ్చారు. ఇలాంటి రోజున వంటపని కాస్త వెనక్కి నెట్టి తప్పకుండా వెళ్ళండి. "మావాడు ఎట్లా చదువుతున్నాడు మేడం?" అని ఊరుకోకండి. ఏ పాఠం రాలేదు, ఎందుకు రాలేదు, ఇంట్లో మేమేం చేయాలి అని మూడు మాటలు అడగండి. దిద్దిన పేపరు చూపించమనండి. ఫోన్ నంబరు మారితే ఆ రోజే బడిలో రాయించండి.

ఇక, అక్క పిల్లనో పక్కింటి పిల్లనో చూపించి మీ పిల్లను తిట్టకండి. పక్కింటి వాళ్ళు వలస పోయి ఉంటే, ఆ పిల్లల కార్డు తెచ్చి అవ్వకు చదివి వినిపించండి. ఇంటర్ దాకా చదివిన మనకు అదేమంత కష్టం? ఏమంటారు?