నిప్పులో నునుపెక్కిన నల్లపూస

చాలాకాలం కనిపించని బంధువు ఎదురైతే ‘నల్లపూసైపోయావే!’ అని నిష్ఠూరమాడతాం. జరిగినది ఉన్నదున్నట్లు చెప్పమనడానికి ‘పూసగుచ్చినట్లు చెప్పు’ అంటాం. ఈ రెండు మాటలూ మా అత్తయ్యగారిని చూసి పుట్టాయేమోనని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. గూడూరులో మా వీధిలో ఏ ఇంట పెళ్లి జరిగినా ఆమె పందిట్లో కనిపించేవారు కారు. బయట మంగళవాద్యాలు మోగుతుంటే, లోపల గదిలో కిటికీ పక్కన తెల్లని మల్లుగుడ్డ పరచుకుని, దానిమీద గుప్పెడు నల్లపూసలు పోసుకుని గుచ్చుతూ కూర్చునేవారు. దాదాపు నలభై ఏళ్లు ఆమె చేసిన పని అదే. ప్రతిఫలంగా తాంబూలం, కొబ్బరికాయ తప్ప మరేమీ తీసుకోలేదు.

మన వివాహ విధిలో నల్లపూసలకు ఒక స్థానముంది. వాటిని నీలలోహిత గౌరి ముందు ఉంచి, వధూవరుల చేత పూజ చేయించి, అటుపైన వధువు మెడలో అలంకరించడం అనేక వంశాలలో ఆచారం. కొన్ని ఇళ్లలో తొలిపూస కన్యపిల్ల గుచ్చాలంటారు. ఒకరిది ఒంటిపేట, మరొకరిది రెండు పేటలు. నడుమ పగడం వేసేవారు కొందరు, ముత్యం కూడా ఉండాలనేవారు మరికొందరు. అందుకే అత్తయ్యగారు పని మొదలుపెట్టేముందు పెళ్లికొడుకు తల్లిని పిలిపించి “మీ ఇంటి ఆనవాయితీ ఏమిటమ్మా?” అని అడిగేవారు. “మీకు తెలిసినట్లు కానివ్వండి పిన్నిగారూ” అంటే ఒప్పుకునేవారు కారు. “నాకు తెలిసింది మా ఇంటిది. మీ ఇంటిది మీరే చెప్పాలి” అనేవారు.

దారం విషయంలో ఆమెకు ఎవరిమీదా నమ్మకం లేదు. నూలుపోగులు తామే పేని, తేనెమైనం రాసి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఎన్నోసార్లు సాగదీసేవారు. పూసలలో నూటికి పదో పదిహేనో పక్కకు పోయేవి. ఒక్కొక్క పూస అంచును గోటిమీద ఆనించి తిప్పేవారు. గీరుకున్నట్లు అనిపిస్తే చాలు, దాన్ని వేరే గిన్నెలో వేసేవారు. కంటికి ఆ పూసకు ఏ లోపమూ కనిపించదు. కొత్తకోడలిగా వచ్చిన రోజులలో నాకు అది చాదస్తంగా తోచింది. కాదని తెలియడానికి ఒక దుర్దినం రావలసివచ్చింది.

తెగిన పేట

అది 1986 మాఘమాసం. మా దగ్గరి బంధువుల ఇంట పెళ్లి. వరుని తరఫువారు పట్నంలో ఒక దుకాణంలో గుచ్చి సిద్ధంగా ఉన్న నల్లపూసల పేట కొన్నారు. పెళ్లి వైభవంగా జరిగింది. వారం తిరగకుండానే పెళ్లికొడుకు స్కూటరు మీదినుంచి పడి చేయి విరగ్గొట్టుకున్నాడు. ఆ మూడోనాటి సంధ్యవేళ కొత్తకోడలు దేవునిముందు దీపం వెలిగించడానికి వంగింది. మెడలోని పేట పుటుక్కున తెగింది. పూసలు పూజగది గచ్చుమీద నాలుగు మూలలకూ దొర్లిపోయాయి.

ఆ ఇంటి పెద్దావిడ నోట వచ్చిన తొలిమాట “అశుభం” అని. రెండో మాట ఇంకా కఠినమైనది, ఇక్కడ రాయలేను. విరిగిన చేయి, తెగిన పేట ఒకదానికొకటి తోడై ఆ పంతొమ్మిదేళ్ల పిల్లమీద పడ్డాయి. రాత్రి భోజనం చేయక, గోడకు చేరగిలబడి కూర్చుందట. వియ్యాలవారికి కబురు పంపాలన్న ఆలోచన కూడా సాగుతోందట. ఎవరో అత్తయ్యగారిని పిలుచుకు వెళ్లారు. నేను వెంట వెళ్లాను.

అత్తయ్యగారు ఎవరినీ ఓదార్చలేదు. ముందు చీపురు ముట్టవద్దన్నారు. తడిగుడ్డతో గచ్చు అద్దుతూ, చాపల కింద, పీటల కింద వెదికి పూసలన్నీ ఏరారు. దీపం దగ్గరకు తెప్పించుకుని తెగిన దారం కొసలను వేళ్లతో విప్పారు. ఒకచోట తెగింది, మరి మూడుచోట్ల సగానికి పైగా కోసుకుపోయి ఉంది. తమ పెట్టెలోనుంచి కొత్త దారం తీసి, ఆ పూసలలో ఒకదానిని ఎక్కించి, పెద్దావిడ చేతికిచ్చారు.

“వదినా, మీరే అటూ ఇటూ లాగండి.”

ఆమె అయిష్టంగానే లాగింది. ఏడెనిమిదిసార్లు లాగేసరికి దారం పీచులు లేచింది. ఇంకొంచెం లాగేసరికి ఆమె చేతిలోనే తెగింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు.

“పూస నోరు పదునుగా ఉంది వదినా. కోసిన గొట్టాన్ని కోసినట్లే అమ్మేశారు. పిల్ల వంగినా తెగుతుంది, నిద్రలో ఒత్తిగిల్లినా తెగుతుంది. తెగింది దారమే. పిల్లను భోజనానికి లేపండి” అన్నారు అత్తయ్యగారు.

ఆ రాత్రి తమ పెట్టెలోని పూసలతో మళ్లీ పేట గుచ్చారు. తెల్లవారి గౌరీపూజ చేయించి పెద్దావిడ స్వయంగా కోడలి మెడలో వేసింది. పెళ్లికొడుకు చేయి ఆరువారాలలో అతుక్కుంది. ఆనాటి కొత్తకోడలు నేడు ఇద్దరు మనవలకు నాయనమ్మ. ఆ పేటకు దారం మార్చడానికి తప్ప మరెందుకూ విప్పవలసిన అవసరం రాలేదని చెబుతుంది.

గుడిమల్లం దారిలో

అత్తయ్యగారి పెట్టెలోని పూసలు ఎక్కడివి? మా చిన్నతనంలో పూసలమ్మ వచ్చేది. తలమీద బుట్ట, అందులో సూదులు, పిన్నులు, దువ్వెనలు, రిబ్బన్లు, పూసలు. ఊరూరా తిరిగి ఇవి అమ్ముకోవడం పూసలవారి కులవృత్తి. ఆమెను అడిగితే “పాపానాయుడుపేట సరుకు తల్లీ” అనేది. ఆ పేరు తప్ప మాకు మరేమీ తెలియదు.

1998 కార్తికంలో శ్రీకాళహస్తీశ్వరుని దర్శనం చేసుకుని గుడిమల్లం బయలుదేరాం. అక్కడి పరశురామేశ్వరుని లింగం క్రీస్తుపూర్వపు శతాబ్దాల నాటిదని చరిత్రకారులలో పలువురి అభిప్రాయం. లింగం ముందుభాగాన వేటగాని రూపంలో నిలిచిన శివుని మూర్తి మలచి ఉంటుంది. ఆ దారిలోనే, ఏర్పేడు మండలంలో, పాపానాయుడుపేట ఉంది. అప్పట్లో చిత్తూరు జిల్లా. 2022 నుంచి తిరుపతి జిల్లా. ఊరి పేరు వినగానే అత్తయ్యగారు బండి ఆపించారు. స్వామి దర్శనం ఆలస్యమవుతుందని మావారు నసిగారు గానీ వినలేదు.

ఆనాడు చూసింది ఇప్పటికీ కళ్లకు కట్టినట్లుంది. బట్టీలో గాజు కరిగి, తేనెపాకంలా ఉంటుంది. ‘లాడా’ అనే పొడవైన ఇనుపగొట్టం కొసకు ఆ గాజును చుట్టి చుట్టి పెద్ద ముద్ద చేస్తారు. ముద్ద మధ్యగా బోలు ఏర్పరచి మళ్లీ నిప్పులో ఉంచుతారు. బట్టీకి ఆవలివైపు చిన్న రంధ్రం. అక్కడ కూర్చున్న పనివాడు ముద్ద కొనను కొక్కెంతో అందుకుని లాగడం మొదలుపెడతాడు. ఇక ఆగేది లేదు. చేయి మార్చి చేయి, గంటల తరబడి లాగుతూనే ఉండాలి. నడుమ బోలు చెదరకుండా గాజు సన్నని గొట్టమై దారంలా వస్తూ ఉంటుంది. దానిని సుమారు మీటరు పొడవు ముక్కలుగా విరిచి కట్టలు కడతారు. గొట్టం ఎంత సన్నగా రావాలో చెప్పడానికి ఏ కొలబద్దా లేదు. వేగంగా లాగితే సన్నం, నిదానంగా లాగితే లావు. నిప్పు మందగించినా, చేయి ఒక్క క్షణం తడబడినా ఆ మేరకు సరుకు పాడు. నలభై ఏళ్లు జపం చేసినవారి వేళ్లు పూసను ఎలా ఎరుగుతాయో, ఆ పనివాని వేళ్లు గాజును అలా ఎరుగుతాయి.

తరువాత ఆ గొట్టాలను చిన్నచిన్న తునకలుగా కోస్తారు. అప్పుడు వాటి అంచులు కత్తిలా ఉంటాయి. పెళ్లికూతురి మెడలో తెగిన పేటలోవి సరిగ్గా ఇలాంటివే. పాపానాయుడుపేటలో పని అక్కడితో ఆగదు. తునకలకు బూడిద పట్టించి, రంధ్రాలలో కూడా బూడిద నిండేటట్లు చేసి, మళ్లీ నిప్పుమీద మనం మూకుడులో వేరుశనగలు వేయించినట్లు కదుపుతూ వేయిస్తారు. వేడికి అంచులు మెత్తబడి గుండ్రమవుతాయి. లోపలి బూడిద రంధ్రం మూసుకుపోకుండా కాపాడుతుంది. ఒకదానికొకటి అంటుకోకుండా చూసేదీ ఆ బూడిదే. విభూతి ధరించిన స్వామి దర్శనానికి వెళుతున్న మాకు ఆ దృశ్యం ఎలా తోచి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

చల్లారిన పూసను ఒకదాన్ని తీసుకుని అత్తయ్యగారు అలవాటుగా గోటిమీద ఆనించి తిప్పారు. గీరుకోలేదు. వేయించే మనిషి అది చూసి నవ్వాడు. “పూస నోరు చూస్తున్నారా అమ్మా?” అన్నాడు. ఇంతకాలం ఒకరి పని ఒకరు వేళ్లతో పరీక్షించుకున్న ఇద్దరు మనుషులు, ముఖాముఖి కలుసుకున్నది ఆ ఒక్కసారే.

ఇంకొకటి కూడా అతడు చూపించాడు. సన్నని గాజు తునకను ఎండకు ఎదురుగా పట్టుకోమన్నాడు. నల్లనిదనుకున్నది అంచున ముదురు ఊదారంగులో మెరిసింది. మాంగనీసు కలిసిన గాజుకు ఆ గుణముంటుంది. ఎక్కువగా కలిస్తే రంగు చిక్కనై కంటికి నలుపనిపిస్తుంది. నీలమూ ఎరుపూ కలిసినది ఊదా. ‘నీలలోహిత’ అన్న మాటకు అర్థమూ అదే. ఈ రెంటికీ ముడి పెట్టే ప్రమాణమేదీ నాకు దొరకలేదు. అయినా నీలలోహిత గౌరిని తలచుకున్నప్పుడల్లా ఆ ఎండలోని తునక కళ్లముందు మెదులుతుంది.

సముద్రాలు దాటిన పూస

ఈ పద్ధతి ఎంత పాతదో తరువాత చదివి తెలుసుకున్నాను. పుదుచ్చేరి సమీపాన అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపారు. రోము దేశంతో వర్తకం చేసిన ఆ రేవులో ఇలా లాగి చేసిన గాజుపూసలు విస్తారంగా దొరికాయి. ఇటువంటివే తూర్పు ఆఫ్రికా తీరం మొదలు ఆగ్నేయాసియా మీదుగా కొరియా, జపానుల వరకు లభించాయి. అమెరికాకు చెందిన పూసల పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ వీటికి ‘ఇండో-పసిఫిక్ పూసలు’ అని పేరుపెట్టి, ఆ ప్రాచీన విధానం సజీవంగా నిలిచిన చోటుగా పాపానాయుడుపేటను లోకానికి చూపారు. 2016లో ఆలోక్ కుమార్ కనుంగో ఈ ఊరి పూసల మీద ఒక గ్రంథమే వెలువరించారు. శతపథ బ్రాహ్మణంలో అశ్వమేధ సందర్భాన రాణులు యాగాశ్వం జూలులో, తోకలో పూసలు కూర్చే ఘట్టముంది. అక్కడి ‘కాచ’ శబ్దానికి గాజుపూస అని అర్థం చెప్పేవారూ ఉన్నారు.

ఇంత చరిత్ర ఉన్నా, గాజు లాగేవారి బతుకు సాఫీగా సాగలేదు. యంత్రం మీద చేసిన పూసలు రాశులుగా, చవకగా వచ్చాయి. ప్లాస్టిక్ పూసలు వచ్చాయి. మెడనిండా ఉండే నల్లపూసల పేటలు, బంగారు గొలుసులో అక్కడక్కడ పది పూసలుగా తగ్గాయి. బట్టీ ముందు పగలంతా మండే పని చేయమని ఎవరి బిడ్డకూ మనం చెప్పలేం. కానీ ఒక మాట అనకుండా ఉండలేను. నగల దుకాణంలో తరుగు, మజూరీ అంటూ వేలు వేసినా నోరెత్తని మనం, పూసలమ్మ దగ్గర రెండు రూపాయలకు గీసిగీసి బేరమాడాం. నేనూ ఆడాను.

అత్తయ్యగారికి ఎనభై దాటాక చూపు మందగించింది. సూది ఎక్కించడం నావంతయింది, గుచ్చడం మాత్రం ఆమెదే. 2009లో మా అమ్మాయి పెళ్లికి ఆమె కడసారి పేట గుచ్చారు. పాపానాయుడుపేటలో కొన్న పూసలు చివరి పొట్లంలో ఇంకా మిగిలి ఉన్నాయి. చాలవేమోనని నేను బజారునుంచి తెచ్చినవి కొన్ని, ఆమెకు చెప్పకుండా, అదే గుడ్డమీద కలిపి పోశాను. పందిట్లో సన్నాయి వినబడుతోంది. ఆమె కళ్లు దాదాపు మూసుకునే ఒక్కొక్క పూసనూ గోటిమీద తిప్పుతూ పోయారు. కాసేపటికి గిన్నెలో టిక్కుమని ఒకటి పడింది. తరువాత ఇంకొకటి, ఇంకొకటి.

“ఇవి మనవి కావమ్మా” అన్నారు, నా వైపు చూడకుండానే.