ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వచ్చేవరకు

పోయిన సంక్రాంతికి మన సంఘం బొమ్మల కొలువు పెట్టినప్పుడు వెనక గోడకు నేను కుట్టిన క్విల్టు ఒకటి వేలాడదీశారు. ఇండియా నుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ దాని దగ్గర ఆగి, అంచు పట్టుకుని వెనక్కి తిప్పి చూశారు. కుట్టుపని తెలిసినవాళ్లే అలా తిప్పి చూస్తారు. "పని శుభ్రంగా ఉందమ్మా. కానీ ఇక్కడ ముక్కలు కోసి, కట్ట కట్టి అమ్ముతారటగా? వాళ్లు కోసిచ్చినవి కలిపి కుట్టడమేనా?" అని అడిగారు. ఎత్తిపొడుపు కాదు, తెలుసుకోవాలనే అడిగారు. నేను నోరు తెరిచేలోపు భోజనాలకు పిలుపు వచ్చింది. సావనీరుకు ఏదైనా రాయమని మనవాళ్లు అన్నప్పుడు, ఆవిడకు బాకీ పడ్డ జవాబే రాద్దామనిపించింది.

కోసి అమ్ముతారన్న మాట నిజమే. ఇక్కడి బట్టల కంపెనీలు ఒక డిజైనర్ గీసిన ప్రింట్లను ఒక కుటుంబంలా కలిపి విడుదల చేస్తాయి. ఆ ప్రింట్లన్నిట్లోంచీ తలా ఒక ముక్క కోసి కట్టిన కట్టే ప్రీకట్. 5 అంగుళాల చదరాలైతే చార్మ్ ప్యాక్, 10 అంగుళాలవైతే లేయర్ కేక్. తాను అడ్డంగా రెండున్నర అంగుళాల పట్టీలు కోసి చుట్ట చుడితే జెల్లీ రోల్. మోడా కంపెనీ కట్టల్లో చదరాలు మామూలుగా 42 ఉంటాయి. అన్ని ప్రింట్లూ తలా పావుగజం చొప్పున కొనాలంటే చేతి డబ్బు చాలదు, ఇంట్లో చోటూ చాలదు. అరచేతిలో పట్టే కట్టలో అవన్నీ వచ్చేస్తాయి కాబట్టే నాలాంటివాళ్లం ఈ పనిలోకి దిగగలిగాం.

మేముండే కాన్సాస్ సిటీ నుంచి ఈశాన్యంగా గంటకు పైగా వెళ్తే హామిల్టన్ అనే ఊరు వస్తుంది. జనాభా రెండు వేలు కూడా లేదు. జె.సి.పెన్నీ దుకాణాలు పెట్టిన జేమ్స్ క్యాష్ పెన్నీ 1875లో పుట్టింది ఆ ఊరి దగ్గరే. 2008లో అక్కడ జెన్నీ డోన్ అనే ఆవిడ కోసం పిల్లలు పెద్ద క్విల్టింగ్ మిషన్ కొని, మిస్సోరి స్టార్ క్విల్ట్ కంపెనీ మొదలుపెట్టారు. ఆవిడ నవ్వుతూ ప్రీకట్లతో కుట్టి చూపించే వీడియోలు ప్రపంచమంతా చూశారు. ఆ చిన్న ఊరి నడివీధి పొడవునా ఇప్పుడు ఆ కంపెనీ బట్టల షాపులే.

నేనూ ఆ వీడియోలు చూసే నేర్చుకున్నాను. మొదట కుట్టింది జెల్లీ రోల్ రేస్ అనే రకం. 40 పట్టీలను కొసకు కొస అతుక్కుంటూ పోతే సుమారు 1600 అంగుళాల రిబ్బను అవుతుంది. దాన్ని సగానికి మడిచి పొడవునా కుట్టాలి, మళ్లీ మడిచి మళ్లీ కుట్టాలి. ఐదోసారి కుట్టేసరికి 50 అంగుళాల వెడల్పు, 64 అంగుళాల పొడవు ఉన్న దుప్పటి పైభాగం చేతికొస్తుంది. ఒక్క మధ్యాహ్నం పని. కానీ ఏ రంగు పక్కన ఏ రంగు పడుతుందో నా చేతిలో లేదు, పట్టీల వరస ఎలా తోసుకొస్తే అలా. పెద్దావిడ ప్రశ్న ఆ క్విల్టును చూసి అడిగి ఉంటే, అవునండీ, కలిపి కుట్టడమే అని ఒప్పుకునేదాన్ని.

కానీ బట్ట మనం ఎంచుకున్నది కానంత మాత్రాన పని మనది కాకుండా పోతుందా? మా అమ్మమ్మ తెనాలి దగ్గర పల్లెటూళ్లో బొంతలు కుట్టేది. చిరిగిన నేత చీరలు, తాతయ్య పంచెలు, మేం విడిచిన గౌన్లు. ఏ ముక్క ఎప్పుడు చిరుగుతుందో ఆమె చేతిలో ఉందా? వచ్చిన ముక్కల్ని వసారాలో చాప మీద పరిచి, కాసేపు నిలబడి చూసి, వంగి ఒకదాన్ని తీసి ఇంకోచోట పెట్టేది. దబ్బనం చేతికి తీసుకునేది ఆ తర్వాతే. ఊళ్లో ఎన్ని బొంతలు ఎండేసినా, ఫలానాది అమ్మమ్మ కుట్టిందని దూరం నుంచే చెప్పగలిగేవాళ్లం. ముదురు రంగంతా అంచులకు తోసి నడుమ లేత రంగులు పెట్టడం ఆమె అలవాటు.

ఈ దేశంలోనూ అలాంటి తల్లులున్నారు. అలబామాలో నది వంపులో ఉన్న గీస్ బెండ్ అనే పల్లెలో, బానిసత్వం నుంచి బయటపడ్డ కుటుంబాల ఆడవాళ్లు అరిగిపోయిన పనిబట్టలతో క్విల్టులు కుట్టేవారు. 1966లో ఆ ప్రాంతపు ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 1970ల్లో ఆ సంఘం సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు గలీబులు కుట్టి ఇచ్చేది. కోయగా మిగిలిన కార్డురాయ్ పీలికలు ఇళ్లకు చేరాయి. ఆ రంగులు సియర్స్ కేటలాగువి, ఆ బట్ట ఎవరో ఆర్డరిచ్చినది. ఆ పీలికలతోనే వాళ్లు కుట్టినవి చూస్తే ఒక్కటి ఇంకొకదానిలా ఉండదు. 2002లో ఆ పల్లె క్విల్టులు హ్యూస్టన్ మ్యూజియంలోనూ, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ గోడలెక్కాయి. 2006లో పోస్టల్ స్టాంపుల మీదికీ వచ్చాయి.

ఇంతకన్నా దగ్గరి పోలిక మన వాకిట్లోనే ఉంది. చుక్కల ముగ్గుకు చుక్కలు ఎవరివి? ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వచ్చేవరకు అంటే ఊరంతా అవే చుక్కలు పెడతారు. ఆ చుక్కల మధ్య గీత ఎలా నడిపించావన్నదే నీ ముగ్గు. ఈ మాట తట్టిన రోజు నా ఎదుట బల్ల మీద ఒక చార్మ్ ప్యాక్ విప్పి ఉంది. లెక్కేసి చూశాను. మధ్య వరసలో 7, పైన 6, 5, 4, కింద 6, 5, 4. మొత్తం 37. కట్టలో ఉన్నవి 42. ముగ్గుకు సరిపోగా ఐదు మిగులుతాయి.

గోడ మీది క్విల్టు అదే. దాని సంగతి కొంచెం వివరంగా చెప్తాను.

రంగు చదరానికీ చదరానికీ మధ్య నేలరంగు చదరం ఒకటి పెట్టుకుంటూ పోతే చదరంగం గళ్లలా వస్తుంది. 7 చుక్కల వరసకు 13 గళ్లు పడతాయి. దాని పై వరసలో 6 చుక్కలు సరిగ్గా సందుల్లో పడతాయి. సందు చుక్క కోసం నేను వేరే ఏమీ చేయనక్కర్లేదు, గళ్లే చూసుకుంటాయి. 13 గళ్ల అడ్డం, 7 వరసలు, మొత్తం 91 గళ్లు. అందులో చుక్కలు 37 పోను నేల 54. అటూ ఇటూ ఒక్కో గడి వెడల్పు, పైనా కిందా నాలుగేసి గళ్ల ఎత్తు నేల వదిలాను. కుట్టాక ఒక్కో గడి నాలుగున్నర అంగుళాలు. 15 గళ్లకు 15 గళ్లు, 67.5 అంగుళాల నిండు చదరం.

నేలకు ఏ రంగు అన్నదానికి నెల పట్టింది. షాపులో తెలుపు పెట్టమన్నారు, ఏ రంగైనా తెలుపు మీద బతుకుతుందన్నారు. నాకు మాత్రం కళ్లాపి చల్లి ఆరిన వాకిలి రంగు కావాలి. ఆకుపచ్చా కాదు, మట్టిరంగూ కాదు. చివరికి ఆ ఛాయ దొరికింది. ఏ ఐదు ముక్కలు పక్కన పెట్టాలో ఆ నేలే తేల్చింది. అన్నిటినీ దాని మీద పరిచి ఫోన్‌తో నలుపు తెలుపులో ఫొటో తీశాను. రంగుగా చూసినప్పుడు వేరువేరుగా కనిపించినవి కొన్ని ఫొటోలో నేలలో కలిసిపోయాయి. ఎరుపు, ఆకుపచ్చ అన్న భేదం కంటే ముదురు, లేత అన్న భేదమే దూరానికి కనబడుతుంది. అమ్మమ్మ నిలబడి కళ్లు చికిలించి చూసేది అందుకేనని నాకు అప్పుడు అర్థమైంది. కలిసిపోయిన ఐదూ పక్కకు వెళ్లాయి.

ప్రీకట్లను ముందు ఉతకకూడదు. పోగులు లేచి, కుంచించుకుని, కొలత పాడవుతుంది. అంచులు జిగ్‌జాగ్‌గా కోసి ఉంటాయి కాబట్టి 5 అంగుళాలన్నది ఆ పళ్ల పై కొస నుంచా, లోపలి గాడి నుంచా అన్నది కుట్టే ముందే స్కేలు పెట్టి చూసుకోవాలి. కుట్టు అంచు నుంచి పావు అంగుళం. ఇందులో వీసం ఎక్కువైతే, అంటే అంగుళంలో 16వ వంతు, ఒక్కో అతుకు దగ్గర రెండువైపులా కలిపి అంగుళంలో 8వ వంతు పోతుంది. 13 గళ్ల వరసలో 12 అతుకులు. వరస ఒకటిన్నర అంగుళాలు పొట్టిదవుతుంది. ఒక వరస అతుకుల్ని కుడికి, తర్వాతి వరసవి ఎడమకు ఇస్త్రీ చేస్తే రెండు వరసలు కలిపేటప్పుడు మడతలు ఒకదానికొకటి అడ్డుపడి మూలలు సూటిగా కలుస్తాయి. నా ముగ్గుకు ఈ మూలలే ప్రాణం, ఎందుకంటే గీతలు ఒకదాన్నొకటి దాటేది అక్కడే.

కింద బట్ట, మధ్య దూది పొర, పైన కుట్టిన గళ్లు. మూడింటినీ అరచేయంత దూరానికొక పిన్ను పెట్టి కదలకుండా పట్టించాక అసలు క్విల్టింగ్. పెద్ద లాంగ్ ఆర్మ్ మిషన్ ఉన్నవాళ్లకు డబ్బిస్తే కుట్టి ఇస్తారు. కంప్యూటర్‌లో డిజైన్ పెడితే దానంతటదే కుట్టేవీ ఉన్నాయి. ఆ పని తప్పని నేననను. కానీ ముగ్గు నేనే వేయాలి. నాది మామూలు ఇంటి మిషన్. సూది పక్కన చేయి పట్టేంత సందులో 67 అంగుళాల దుప్పటిని చుట్ట చుట్టి దూర్చాలి. బట్టను ముందుకు లాగే పళ్లను కిందికి దించేసి ఫ్రీ మోషన్ పాదం బిగిస్తే, ఇక బట్టను నడిపించేది మన రెండు చేతులే. మిషన్‌కు తెలిసింది సూదిని పైకీ కిందికీ ఆడించడం ఒక్కటే.

అక్కడ నా వేళ్లకు పాత సంగతి గుర్తొచ్చింది. ముగ్గుపిండి వేళ్ల సందునుంచి జారుతుంటే చేయి నెమ్మదిస్తే గీత లావు, తొందరపడితే సన్నం, ఇంకా తొందరపడితే మధ్యలో తెగుతుంది. ఈ కుట్టూ అంతే. చేయి ఆగితే కుట్లు ఒకచోటే కుప్పపడతాయి, పరుగెత్తితే కుట్లు పొడవై వదులవుతాయి. కాలి కింద పెడల్ ఒకే వేగంలో ఉండాలి, చేయి ఆ వేగానికి తగ్గట్టు జరగాలి. పదేళ్ల వయసులో మా అమ్మ నా మణికట్టు పట్టుకుని "చేయి ఆపకు, ముందున్న చుక్కను చూడు" అనేది. సూదిని చూస్తూ కుట్టినంతసేపూ నా గీత వణికింది. సూదిని వదిలేసి అది వెళ్లాల్సిన మూలను చూడటం మొదలుపెట్టాక నిలకడ వచ్చింది.

గీత రంగు చదరం పై అంచు దగ్గర పైకి ఒంగి, మూల దగ్గర దిగి, పక్క గడి దగ్గర కిందికి ఒంగి పోతుంది, పాము నడకలా. అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని. అన్నీ కలిస్తే ప్రతి రంగు చదరం చుట్టూ ఒక మెలిక పడుతుంది. రంగు మీద ఒక్క కుట్టూ పడదు, తెల్లదారం అంతా నేల మీదే. బయటి చుక్కల దగ్గర గీత గుండ్రంగా తిరిగి లోపలికి వస్తుంది. మూలల దగ్గర నాలుగు అతుకులు ఒకదానిమీద ఒకటి ఉండి సూది బరువెక్కుతుంది, అక్కడ పెడల్ కొంచెం వదలాలి.

ఒక పొరపాటు చెప్పాలి. గీతను ముందు నీళ్లతో చెరిగే నీలం పెన్నుతో గీసుకున్నాను. ఒక మూల ముడత పడిందని ఇస్త్రీ పెట్టెతో ఒక్కసారి అద్దాను. వేడి తగిలితే ఆ నీలం బట్టకు పట్టేస్తుంది. ఆ రెండు గళ్లు ఎంత కడిగినా పోలేదు. పిన్నులు తీసి, అతుకులు విప్పి, కొత్త ముక్కలు వేశాను. అప్పటినుంచి సుద్దతోనే గీస్తున్నాను.

అంచుకు రెండున్నర అంగుళాల పట్టీలు ఏడు పట్టాయి. పక్కన పెట్టిన ఐదు ముక్కల్ని వెనకవైపు వరసగా కుట్టి, చివరి దాని మీద అమ్మమ్మ పేరూ, నా పేరూ, సంవత్సరం దారంతో రాశాను. పెద్దావిడ అంచు తిప్పి చూసినప్పుడు కనిపించింది ఆ వరసే.

ఆమెకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. పని పూర్తయిన రాత్రి తెనాలిలో ఉన్న అమ్మకు వీడియోలో చూపించాను. ఫోన్ మెల్లగా జరపమంది. పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంది. "ఏడు నుంచి నాలుగు, సందు చుక్క" అంది. నా ఒళ్లు పులకరించింది. కాసేపాగి, "కుడివైపు పైనుంచి మూడో వరస, చివరి చుక్క చూడు. గీత చుట్టి రాలేదు, అడ్డంగా కోసుకుపోయింది. ఆ చుక్క బయటే ఉండిపోయిందే పిల్లా" అంది. దగ్గరికెళ్లి చూశాను. నిజమే. ఎన్ని రోజులుగా చూస్తున్నానో, నాకు కనబడలేదు. అంచు కూడా కుట్టేశానమ్మా అన్నాను. "అయితే ఏం, విప్పడం రాదా?" అంది.

ఫోన్ స్టాండుకు ఆనించి, లైటు దగ్గరికి లాక్కుని, సీమ్ రిప్పర్ తీసుకున్నాను. ఒక్కో కుట్టూ విప్పుతుంటే అమ్మ అటునుంచి ఏమీ మాట్లాడకుండా చూస్తూ కూర్చుంది. అక్కడ తెల్లారి పాలవాడు వచ్చి పిలిచేదాకా లేవలేదు.