మొనెంవాసియా వృత్తాంతము: దాని ప్రామాణ్యము

గ్రీసుదేశపు దక్షిణభాగమగు పెలొపొన్నీససున స్లావులు ఎప్పుడు, ఎంతమేరకు స్థిరపడిరను విచారమునకు ముఖ్యాధారము ‘మొనెంవాసియా వృత్తాంతము’ అను చిన్న గ్రీకు గ్రంథము. కర్తృనామము తెలియదు. ఇది 1749లో ట్యూరిను నగరమున తొలుత ముద్రితమయ్యెను. ఆథోసు పర్వతమందలి ఐవిరాన్ మఠపు ప్రతి తక్కినవానికంటె విపులమైనది.

మారిస్ చక్రవర్తి పాలనమున ఆఱవయేట, అనగా క్రీ. శ. 587–588లో, అవారులు ఆ దేశము నాక్రమించిరని ఇందు గలదు. అంతట పాట్రాసువారు ఇటలీలోని రెజియమునకును, కొరింథువారు ఈజినా ద్వీపమునకును, లకోనియావారిలో కొందఱు సిసిలీకిని పోయిరట. మఱికొందఱు మొనెంవాసియాను నిర్మించుకొనిరట. 218 ఏండ్ల పిమ్మట, 805 ప్రాంతమున, స్లావు లోడింపబడిరనియు, మొదటి నికెఫొరస్ చక్రవర్తి పాట్రాసును పునరుద్ధరించి, వలసపోయినవారి సంతతిని రప్పించి, అచ్చటి క్రైస్తవ పీఠమునకు మెట్రోపాలిటను పదవి నొసగెననియు వృత్తాంతము చెప్పుచున్నది.

ప్రాచీన గ్రీకుల సంతతి నశించెనని జర్మను పండితుడు ఫాల్మెరాయర్ 1830లో వాదించుటతో ఈ చర్చ తీవ్రమయ్యెను. ప్రతిపక్షులు కొందఱు ఈ గ్రంథమును విశ్వాసార్హము కాదనిరి. 1950లో పీటర్ చరానిస్ దీని ప్రామాణ్యమును సమర్థించెను.

పాట్రాసున జన్మించిన అరెథాస్ అను మతాచార్యుడు పదవ శతాబ్దమున వ్రాసిన టిప్పణము ఈ కథనే చెప్పును. అయినను రెండింటికిని మాటలలో గల సామ్యమునుబట్టి మూలమొక్కటియే కావచ్చును. కావున సాక్షులిద్దఱని లెక్కించుట తగదు. పాట్రాసు పీఠగౌరవమును సమర్థించు ప్రయోజనమును ఇందు గోచరించును. అట్లని విషయమంతయు కల్పితమనరాదు. ఒలింపియాయందు బయల్పడిన దహనసమాధులును, అందలి చేతితో మలచిన అస్థికుంభములును, ఆ ప్రాంతమందలి స్లావు గ్రామనామములును స్లావుల నివాసమును స్వతంత్రముగ స్థాపించుచున్నవి.

ఐవిరాన్ ప్రతిలోని మఱియొక వాక్యము మిక్కిలి గమనింపదగినది. కొరింథు మొదలు మలేయా అగ్రమువఱకు గల తూర్పుభాగము దుర్గమమగుటచే స్లావులకు లొంగక చక్రవర్తి యధికారమున నిలిచెనని అందు గలదు. పూర్వజనులు సంపూర్ణముగ నశించిరను వాదము ఈ మాటతోనే వీగిపోవును. స్లావుల రాకకు ఈ గ్రంథము సాక్ష్యము. సంవత్సరసంఖ్యలకును, పీఠచరిత్రకును మాత్రము ఇతర ప్రమాణముల తోడు వలయును.