నాడీసంధులు – మనోవ్యాధులు

నెల్లూరు తీరమున వరిపొలముల నానుకొనియున్న పల్లెలలో కట్లపాము నెరుగనివారు అరుదు. రాత్రివేళ నేలపై నిద్రించువానిని అది కరచును. కరచినచోట తరచుగా వాపుండదు, నొప్పియు అంతగా తోచదు. కొన్ని గంటలకు కనురెప్పలు వాలును, మాట ముద్దయగును, తుదకు ఊపిరి నిలుచును. ఆ రోగి నరము తెగలేదు, కండరము చీలలేదు. ఆ రెండును కలిసికొను కూడలియే చెడినది. నరము పంపిన వార్త కండరమునకు చేరకుండ విషము అచ్చట అడ్డగించినది.

ఇట్టి కూడళ్లు మెదడునందును కలవు. వీనికి 1897లో షెరింగ్టన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 'సినాప్సు' అను పేరు వాడుకలోనికి తెచ్చెను. మనము నాడీసంధి యందము. మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములున్నవి. ఒక్కొక్క కణమునకు వేలకొలది సంధులుండవచ్చును. సంధివద్ద రెండు కణముల నడుమ సుమారు మిల్లీమీటరులో 50,000వ వంతు ఎడముండును. పెన్న ఈ గట్టున నున్న సరకు పడవపై ఆవలి గట్టునకు చేరినట్లు, వార్త రసాయనద్రవ్యముల ద్వారా ఈ ఎడమును దాటును. వార్త ఇట్లు రసాయనముచే సాగునని 1921లో ఆటో లోవీ కప్పగుండెలపై ప్రయోగము చేసి చూపెను.

సంధికిని మనస్సునకును గల సంబంధము తెలియుటలో మన దేశపు వేరొకటి తోడ్పడెను. సర్పగంధి వేరు ఉన్మాదమును శమింపజేయునని 1931లో గణనాథసేన్, కార్తికచంద్ర బోసు అను వంగదేశపు వైద్యులు వైద్యపత్రికలో ప్రకటించిరి. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు అందుండి రిసర్పిన్ అను పదార్థమును వేరుచేసిరి. అది నాడుల కొనలలోని డోపమీన్, సెరటోనిన్ మొదలగు ద్రవ్యముల నిలువలను తరుగజేయునని పిమ్మట తెలిసెను. దానిని వాడిన కొందరికి తీవ్రమైన దిగులు కలిగినట్లును నాటి వైద్యులు గమనించిరి.

అయినను ఒక ద్రవ్యము హెచ్చుట, తగ్గుట మాత్రమే వ్యాధికి కారణమని నేడెవరును చెప్పజాలరు. సంధుల సంఖ్యయు, నిర్మాణమును ముఖ్యములే. బాల్యమున సంధులు అవసరమునకు మించి ఏర్పడును. యౌవనమున అనవసరమైనవి తొలగును. స్కిజోఫ్రీనియా అను వ్యాధి తరచుగా ఆ వయస్సుననే పొడసూపును. ఆ రోగుల మెదడులను మరణానంతరము పరీక్షింపగా కొన్ని భాగములలో సంధులు తక్కువగా కానవచ్చినవి. సంధుల తొలగింపునకు తోడ్పడు సి4 అను జన్యువు కొన్ని రూపములలో ఈ వ్యాధి కలుగు అవకాశమును పెంచునని 2016లో వెల్లడియయ్యెను. ఇందు వంశగుణము, బాల్యపు కష్టములు, జీవితమునందలి ఒత్తిడి కూడ పాలుపంచుకొనును. దీర్ఘకాలపు ఒత్తిడిచే జంతువుల మెదడులో కొన్నిచోట్ల సంధులు క్షీణించునని ప్రయోగములు తెలుపుచున్నవి.

ఇదంతయు తెలిసికొనుట వలన ప్రయోజనమేమి? చెవిలో ఏవో మాటలు వినబడుచున్నవని చెప్పు యువకుని చూచి గాలి సోకినదందుము. నెలల తరబడి మూలగూర్చున్న తల్లిని సోమరి యందుము. వ్యాధి ముదురుచుండగా చికిత్స ఆలస్యమగును. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎరవాడిలో అగ్నిప్రమాదము సంభవించినప్పుడు గొలుసులతో కట్టబడియున్న 28 మంది మనోరోగులు పారిపోలేక మరణించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది.

దేవుని మ్రొక్కుకొనుటను మనము కాదనము. వైద్యుని కడకు కూడ పోవలెనని మాత్రమే అందుము. ఔషధము కొందరికి త్వరగను, కొందరికి మెల్లగను పనిచేయును. వైద్యుని అడుగక మానరాదు. 2022లో ఆరంభమైన టెలీ మానస్ వారికి 14416 అను సంఖ్యపై ఫోను చేసినచో ఉచితముగ సలహా లభించును. కట్లపాము కరచినవానిని నిందించువారు మన పల్లెలలో లేరు. మనోవ్యాధి గలవానికిని అంతటి కనికరమే చెల్లవలెను.