నల్లబడిన పుండుకు ఆపరేషన్ అంటే భయమా?



డయాలసిస్ చేయించుకునే వారిలో కొద్దిమందికి తొడలపై, పొట్టపై ఊదారంగు మచ్చలు వస్తాయి. ముట్టుకుంటే భరించలేని నొప్పి. తరువాత అవి నల్లబడి పుండ్లవుతాయి. ఈ జబ్బు పేరు కాల్సిఫిలాక్సిస్. సన్నని రక్తనాళాలలో కాల్షియం పేరుకొని, రక్తం అందక చర్మం చచ్చిపోతుంది. అక్కడ చీము పట్టి, ఆ విషం రక్తంలోకి పాకితే ప్రాణాపాయం.

"కోస్తే ఇంకా పాకుతుందేమో" అని ఇంటివారు భయపడతారు. అమెరికాలోని మాయో క్లినిక్ వైద్యులు 2007లో 64 మంది రోగుల వివరాలు ప్రచురించారు. చచ్చిన కండను ఆపరేషన్‌తో తీసిన వారిలో నూటికి సుమారు 62 మంది, తీయని వారిలో 27 మంది ఏడాది దాటి బ్రతికారు. అయితే ఆపరేషన్ జరిగింది 17 మందికే. వారు కాస్త బలంగా ఉన్నవారే కావచ్చు. కనుక ఇది అందరికీ హామీ కాదు. గాయం మానడానికి నెలలు పట్టవచ్చు. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల ఆపరేషన్ మాత్రం ఆ హార్మోను బాగా పెరిగిన వారికే.

మచ్చ కనబడిన వెంటనే మాకు చూపించండి. పసర్లు పూయవద్దు. డయాలసిస్ మానవద్దు. వార్ఫరిన్ మాత్రలు వాడుతుంటే డాక్టరుగారికి చెప్పండి, సొంతంగా ఆపవద్దు.

దేవుడు మీకు స్వస్థత దయచేయును గాక.