వెండ్రుకను మెత్తపరచు ద్రవ్యము

కండిషనరు సీసాపై బెహెన్‌ట్రైమోనియమ్ క్లోరైడు అను పేరు చదివి, ఇది విషమేమో యని శంకించువారు పలువురు కలరు. పసిపిల్లల తలకు రాయవలసివచ్చినపుడు ఆ శంక హెచ్చుట సహజము. దానిని తేలికగా త్రోసివేయక, ఆ ద్రవ్యమేమో, అది చేయు పనియేమో, ఎంతవరకు క్షేమమో విచారింతము.

పేరు క్రొత్తదే గాని, అందలి తొలిభాగమునకు మూలము మన పెరటి చెట్టే. మునగవిత్తుల నూనెకు పాశ్చాత్యులు బెన్ నూనె యని పేరిడిరి. అందున్న 22 కర్బన పరమాణువుల కొవ్వు ఆమ్లమే బెహెనిక్ ఆమ్లము. వేరుసెనగ నూనెలోను అది కొద్దిగా కలదు. ఆ పొడవైన గొలుసు చివర, మూడు మిథైల్ సమూహములతో కూడిన నత్రజనిని చేర్చినచో ఈ ద్రవ్యమునకు రూపమేర్పడును. నత్రజని యున్న తల ధనావేశము గలది. గొలుసు తోక నూనె స్వభావము గలది.

తలంటి పోసికొన్న వెండ్రుకపై ఋణావేశ మధికముగా నుండును. పైపొలుసులు దెబ్బతిన్న కొనలయందు అది మరింత హెచ్చు. విరుద్ధావేశములు ఒకదాని నొకటి ఆకర్షించును గదా! కావున ఈ ద్రవ్యపు తల వెండ్రుకను అంటిపెట్టుకొనగా, తోకలు పలుచని పొరగా నిలుచును. నీరు పోసినను ఆ పొర పూర్తిగా పోదు. దువ్వెన సులువుగా జారును, చిక్కులు తగ్గును, పొడిగాలిలో వెండ్రుకలు లేచి నిలువవు. షాంపూలో మురికిని వదల్చు ద్రవ్యము సామాన్యముగా ఋణావేశము గలది. రెండును కలిపి రాసినచో ఒకదాని పని నొకటి చెరచును. షాంపూను కడిగిన పిదపనే కండిషనరు రాయుమనుట అందుకే.

ఇక క్షేమము మాట. ఈ వర్గపు ద్రవ్యములు చిక్కగా నున్నపుడు చర్మమును, కంటిని బాధించును. క్రిమిసంహారకమైన సెట్రిమైడు ఈ కుటుంబములోనిదే. అందుచేత మోతాదే ముఖ్యము. ఐరోపా సమాఖ్య 2014లో చేసిన నిబంధన ననుసరించి, బెహెన్‌ట్రైమోనియమ్ క్లోరైడు కడిగివేయు కేశద్రవ్యములలో 5 శాతము, కడుగక విడుచువానిలో 3 శాతము మించరాదు. 16 కర్బనముల గొలుసుగల సెట్రిమోనియమ్ క్లోరైడునకు కడిగివేయువానిలో 2.5 శాతమే హద్దు.

సహజమైనదంతయు నిరపాయమనుటయు సరికాదు. కుంకుడురసము కంటబడిన మంట నెరుగనివా రెవరు? కావున మేము చెప్పునది యింతే: భయము వలదు, అజాగ్రత్తయు వలదు. కుదుళ్లకు గాక కొనలకు రాసి, బాగుగా కడిగికొనవలెను. కంటబడినచో వెంటనే మంచినీటితో కడుగవలెను. దురదగాని దద్దుర్లుగాని కలిగినచో మానవలెను. జలచరములకు హానికరము గనుక చెరువులో తలంటుకొనుటకు దీనిని వాడరాదు. పేరు చూచి బెదరుటకంటె మోతాదు తెలిసి వాడుట మేలు.