ఇంజిన్ ఊపిరెంతో కార్బురేటర్ అంత

పాత అమెరికన్ కారు కొన్న కుర్రాడికి చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ఒక సరదా పుడుతుంది. బానెట్ ఎత్తి, కంపెనీ బిగించిన కార్బురేటర్ ఊడబీకి, తళతళలాడే పెద్ద హాలీ కంపెనీది ఒకటి అక్కడ కూర్చోబెడతాడు. పెట్టె మీద 850 అని రాసి ఉంటే 750 కంటే గొప్పదని, 750 అయితే 600 కంటే మేలని అతని లెక్క. తీరా రోడ్డెక్కాక బండి సిగ్నల్ దగ్గర స్లోలో ఆగిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం ఉక్కిరిబిక్కిరై, ఆ తర్వాతగానీ కదలదు. సైలెన్సర్ మూతి నల్లగా మసి పడుతుంది. పెద్దది పెడితే పికప్ పెరగాలిగానీ తగ్గడమేమిటని అతను తల పట్టుకుంటాడు. కొత్త సామానులో లోపమేమీ లేదు. దానికి కావలసింది గాలి వేగం. ఆ వేగాన్ని అతనే చేజేతులా తగ్గించుకున్నాడు.

కార్బురేటర్‌లో పెట్రోలును మెయిన్ జెట్ గుండా తోసే మోటారేదీ ఉండదు. గాలి ఇరుకు దారిలో దూరేటప్పుడు వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. ఈ సంగతిని 1738లో డేనియల్ బెర్నౌలి, ఇరుకు గొట్టాల విషయంలో 1797లో ఇటలీ శాస్త్రవేత్త వెంచురీ వివరించారు. పక్కనున్న ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు మీద మామూలు వాతావరణ పీడనం ఉంటుంది. నడుము సన్నగిల్లిన వెంచురీలో అంతకంటే తక్కువ ఉంటుంది. ఆ తేడాయే పెట్రోలును జెట్ గుండా నెట్టి తుంపరగా వెదజల్లుతుంది. జర్మనీలో విల్హెల్మ్ మేబాక్ 1893లో ఇలా చిమ్మే కార్బురేటర్ తయారుచేసిన నాటి నుంచి ఈ సూత్రం మారలేదు. కొబ్బరిబొండంలో స్ట్రా తీసేసి వెదురు గొట్టం పెట్టి పీల్చి చూడండి, వెంచురీ అవసరానికి మించి వెడల్పైతే ఇంజిన్‌కు ఎదురయ్యే ఇబ్బంది అదే. గాలి బోలెడంత వస్తుంది, పెట్రోలు మాత్రం కదలదు.

హాలీ కథ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బ్రాడ్‌ఫర్డ్‌లో మొదలైంది. జార్జ్, ఎర్ల్ అనే అన్నదమ్ములు ముందు సొంతంగా బుల్లి కారు కట్టారు. కార్ల కంటే కార్లకు కార్బురేటర్లు చేయడమే గిట్టుబాటని తొందర్లోనే గ్రహించి, ఓల్డ్స్‌మొబైల్‌కు, ఆ తర్వాత ఫోర్డ్ మోడల్-టీకి సరఫరా చేశారు. పేరు మోగింది మాత్రం 1957లో, ఫోర్డ్ థండర్‌బర్డ్ మీద 4150 అనే నాలుగు బ్యారెళ్ళ మోడల్ వచ్చాక. ముందు రెండు బ్యారెళ్ళు మామూలు నడకకు, వెనక రెండు గట్టిగా తొక్కినప్పుడు. ఆ రోజుల్లో అలాంటివి వేరే కంపెనీలూ చేశాయి. హాలీ సుగుణం ఏమిటంటే, ముందూ వెనకా ఉన్న ఫ్లోట్ గిన్నెల్ని నాలుగేసి స్క్రూలతో విప్పేయవచ్చు. విప్పగానే లోపల జెట్లు కళ్ళెదుటే ఉంటాయి. రేసు మైదానంలో పది నిమిషాల్లో జెట్ మార్చి మళ్ళీ బిగించేవాళ్ళు. దీంతో మెకానిక్‌లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. అమెరికాలోని నాస్కార్ కప్ రేసుల్లో కార్బురేటర్లు 2011 దాకా నడిచాయి, 2012లోగానీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారలేదు.

ఇక సైజు సంగతి. అమెరికాలో కార్బురేటర్‌ను నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలిని పోనిస్తుందో ఆ అంకెతో కొలుస్తారు. ఇంజిన్ ఎంత గాలి పీలుస్తుందో తెలుసుకోవడానికి కాగితం, పెన్సిలు చాలు. ఇంజిన్ పరిమాణాన్ని ఘనపుటంగుళాల్లో తీసుకుని, అది తిరిగే గరిష్ఠ ఆర్‌పీఎంతో గుణించి, 3456తో భాగించాలి. ఈ 3456 ఎక్కడిదంటే, ఘనపుటడుగులో 1728 ఘనపుటంగుళాలు ఉంటాయి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారే తన నిండుకు గాలి తీసుకుంటుంది కాబట్టి దానికి రెట్టింపు.

షెవ్రొలే వారి ప్రసిద్ధ 350 ఇంజిన్‌నే తీసుకుందాం, మన లెక్కలో 5.7 లీటర్లు. 5500 ఆర్‌పీఎం దగ్గర లెక్క 557కి వస్తుంది. అయినా రోడ్డు మీద తిరిగే ఇంజిన్ సిలిండర్లు పూర్తిగా నిండవు. నూటికి ఎనభై అయిదు వంతులు నిండాయనుకున్నా 475 దగ్గరే ఆగుతుంది. ఆశకొద్దీ 6500 దాకా లాగినా 560 దాటదు. అంటే 600 హాలీ ఒకటుంటే ఆ ఇంజిన్‌కు రోజూ తిరగడానికి కావలసింది ఉన్నట్టే. 850 దగ్గరికి వెళ్ళాలంటే ఇంజిన్ లోపల చాలానే మారాలి. ఈ లెక్క పెట్టేటప్పుడు అసలు తిరగని ఆర్‌పీఎం రాసుకోవడం అందరూ చేసే పని. టాకోమీటర్ మీద 7000 అంకె ఉన్నంత మాత్రాన ఇంజిన్ అక్కడికి ఎక్కుతుందని కాదు.

ఈ అంకెల్లో మరో తిరకాసుంది. నాలుగు బ్యారెళ్ళవాటిని 1.5 అంగుళాల పాదరస పీడన తేడా దగ్గర కొలుస్తారు, రెండు బ్యారెళ్ళవాటిని 3 అంగుళాల దగ్గర. అందుకే 500 అని రాసి ఉన్న రెండు బ్యారెళ్ళ కార్బురేటర్‌ను నాలుగింటి కొలతలో చెప్పాలంటే సుమారు 350 మాత్రమే. రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి అంకెలు పోల్చుకునేవాళ్ళు ఇక్కడే పప్పులో కాలేస్తారు.

అలాగని పెద్ద అంకె ఎప్పుడూ తప్పేననుకోకూడదు. 1969 కమారో జెడ్-28లో ఇంజిన్ 302 ఘనపుటంగుళాలే, దాని మీద జనరల్ మోటార్స్ బిగించిన హాలీ 780. పాంటియాక్ వాళ్ళయితే 1966లో 230 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్ స్ప్రింట్ మోడల్‌కు రోచెస్టర్ క్వాడ్రాజెట్ పెట్టారు. ముందువి చిన్నవి, వెనకవి బాగా పెద్దవి ఉండే కార్బురేటర్ అది. ఇవి ఎలా కుదిరాయి? వెనక బ్యారెళ్ళు ఎంత తెరుచుకోవాలో నిర్ణయించేది డ్రైవరు కాలు ఒక్కటే కాదు. కమారో హాలీలో వెంచురీ వాక్యూమ్ ఒక డయాఫ్రమ్‌ను లాగితేనే అవి తెరుచుకుంటాయి. క్వాడ్రాజెట్‌లో గాలి ఒత్తిడికి తెరుచుకునే పలక ఒకటి కాపలా కాస్తుంది. ఇంజిన్ అడిగినంతే గాలి లోపలికి వెళ్తుంది.

దీనికి భిన్నమైనది డబుల్ పంపర్. కాలు నొక్కితే లింకేజీ నేరుగా వెనక బ్యారెళ్ళను తెరిచేస్తుంది, అడగడాలూ ఆగడాలూ లేవు. గాలి తేలిక, తక్షణం దూసుకొస్తుంది. పెట్రోలు బరువు, వెనకబడుతుంది. ఆ లోటు పూడ్చడానికి పిచికారీ పంపు ఒకటి పెడతారు. డబుల్ పంపర్‌లో ముందుకూ వెనక్కూ చెరొకటి ఉంటుంది, పేరు అక్కడిదే. తేలికపాటి బండి, చేతి గేర్లు, ఎక్కువ నిష్పత్తి గేరింగ్ ఉంటే ఇది భలే ఉంటుంది. ఆటోమేటిక్ గేరున్న బరువైన సెడాన్‌కైతే వాక్యూమ్ రకం మేలు. పెట్రోలు బంకులో బిల్లు చూసుకున్నప్పుడల్లా ఆ ఎంపిక సరైనదనిపిస్తుంది.

వాక్యూమ్ రకం తన పని చేస్తోందో లేదో చూడటానికి అమెరికన్ మెకానిక్‌ల దగ్గర ఓ చిట్కా ఉంది. డయాఫ్రమ్ కడ్డీకి మామూలు కాగితాల క్లిప్ ఒకటి తొడిగి, పైకి జరిపి హౌసింగ్‌కు ఆనించి, ఖాళీ రోడ్డు మీద పూర్తిగా తొక్కి వస్తారు. క్లిప్ కిందికి ఎంత జరిగితే వెనక బ్యారెళ్ళు అంత తెరుచుకున్నట్టు. కదలకపోతే లోపలి స్ప్రింగు గట్టిదని అర్థం. ఆ స్ప్రింగులు రంగుల్లో వస్తాయి: తెల్లది అన్నిటికంటే మెత్తన, నల్లది అన్నిటికంటే గట్టి.

క్యామ్‌షాఫ్ట్ మార్చినవాళ్ళు మరొకటి చూసుకోవాలి, పవర్ వాల్వ్. మ్యానిఫోల్డ్ వాక్యూమ్ పడిపోయినప్పుడు, అంటే ఇంజిన్ మీద భారం పడినప్పుడు, ఇది తెరుచుకుని అదనపు పెట్రోలు అందిస్తుంది. దాని మీద 65 అని చెక్కి ఉంటే 6.5 అంగుళాల దగ్గర తెరుచుకుంటుందని. కంపెనీ క్యామ్ ఉన్న ఇంజిన్ స్లోలో 18 అంగుళాలు లాగుతుంది, బాధలేదు. రేసు క్యామ్ వేసి వాక్యూమ్ 6కు పడిపోతే ఆ వాల్వ్ ఊరికే నిలబడ్డప్పుడు కూడా తెరిచే ఉంటుంది, పొగ నల్లబడుతుంది. స్లోలో గేజి చూపించేదాంట్లో సగానికి దగ్గరగా, 3.5 వాల్వ్ తెచ్చి వేస్తే తీరిపోతుంది. కార్బురేటర్ పాడైందని తిప్పి పంపేవాటిలో ఈ చిన్న ఇత్తడి ముక్క మార్చితే సరిపోయేవి ఎన్నో.

మెయింటెనెన్స్ తలనొప్పి వద్దనుకునేవాళ్ళకు ఎడెల్‌బ్రాక్ పర్‌ఫార్మర్ ఉంది. 1957 నాటి కార్టర్ ఏఎఫ్‌బీ వంశం అది. మీటరింగ్ రాడ్లు పైమూత విప్పకుండానే మార్చవచ్చు. పెట్రోలు పంపు ఒత్తిడి మాత్రం చూసుకోవాలి, హాలీ తట్టుకున్నంత ఇది తట్టుకోదు.

యూరప్ కార్లకు దారి వేరు. ఎడోఆర్డో వెబర్ అనే మెకానిక్ 1923లో బొలోన్యా నగరంలో కంపెనీ పెట్టి, ఫియట్లు పెట్రోలు తక్కువ తాగేలా చేసే కార్బురేటర్లతో మొదలుపెట్టాడు. ఆయన 1945 మేలో అదృశ్యమయ్యాడు, మళ్ళీ కనబడలేదు. తర్వాతి రోజుల్లో ఆయన పేరు మోసింది డీసీఓఈ అనే మోడల్. అడ్డంగా పడుకుని రెండు గొంతులతో ఉంటుంది, రెండు పెడితే నాలుగు సిలిండర్లకు ఒక్కొక్కటి. 1963 లోటస్ కార్టినాలో ఉన్నవి రెండు 40 డీసీఓఈలే. ఇందులో 40 అంటే థ్రాటిల్ దగ్గర మిల్లీమీటర్లు. లోపలి వెంచురీని విడిగా ఊడదీసి మార్చుకోవచ్చు. కాబట్టి సైజు ఎంచుకోవడం కొన్నప్పుడు సగం, ట్యూన్ చేసినప్పుడు సగం. పంపు ఒత్తిడి సుమారు 3 పీఎస్ఐ దాటితే ఫ్లోట్ గిన్నెలోకి పెట్రోలును ఆపే నీడిల్ నిలవదు, పెట్రోలు పొంగి కారుతుంది.

చట్టం కూడా చూసుకోవాలి. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడల్ కార్లకు పొగ పరీక్ష లేదు. 1976, ఆ తర్వాతి మోడల్ కారైతే రాష్ట్ర వాయు సంస్థ అనుమతి నంబరు లేని వేరే రకం కార్బురేటర్‌తో పరీక్షలో నెగ్గడం కుదరదు.

మన దగ్గర పాత పద్మినీ, అంబాసిడర్ నడుపుతున్నవాళ్ళు ఈ లెక్కల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలును కూడా కలుపుకోవాలి. మామూలు పెట్రోలుకు ఒక పాలు ఇంధనానికి 14.7 పాళ్ళ గాలి సరిపోతే, ఈ మిశ్రమానికి సుమారు 13.5 పాళ్ళే కావాలి. ఇంజెక్షన్ కార్లలో ఆక్సిజన్ సెన్సర్ ఆ తేడా పసిగట్టి పెట్రోలు పెంచుతుంది. పాత కార్బురేటర్ జెట్ రంధ్రం నిన్నటిదే కాబట్టి మిశ్రమం పల్చబడి, చల్లని ఉదయం స్టార్టింగ్ కష్టమవుతుంది, ఎత్తు రోడ్ల మీద లాగుడు తగ్గుతుంది. కొత్త కార్బురేటర్ వెతికేముందు మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూడటం చవక. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి దెబ్బతీస్తుంది గనుక పంపు డయాఫ్రమ్, పెట్రోలు గొట్టాలు కూడా ఆ పూటే విప్పి చూడాలి.